గడ్డ ఉందంటే... సంచి తీసేయాల్సిందేనా?

"గర్భసంచిలో గడ్డలున్నాయంట వదినా..."

తాడేపల్లిగూడెంలో ఏ వీధి అరుగు మీద ఈ మాట వినపడినా, దాని వెనకే రెండో మాట సిద్ధంగా ఉంటుంది. "పిల్లల ఆపరేషన్‌ ఎప్పుడో అయిపోయింది కదా, ఇంకా ఆ సంచితో పనేముంది? తీయించేసుకో, పీడ విరగడైపోద్ది!" చెప్పేవాళ్లకు దురుద్దేశం ఏమీ ఉండదు. చాలాసార్లు వాళ్లూ తీయించుకున్నవాళ్లే. తోడికోడలు, ఆడపడుచు, ఎదురింటి పిన్నిగారు... ఒక్క వీధిలో లెక్కపెట్టడం మొదలుపెడితే చేతివేళ్లు చాలవు.

ఇది గూడెం ఒక్కదాని సంగతి కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో నూటికి దాదాపు తొమ్మిది మందికి గర్భసంచి లేదు. తెలంగాణలో ఎనిమిది మందికి పైగా. దేశం మొత్తం మీద చూస్తే మూడు చిల్లర. అంటే దేశ సగటు కన్నా మనం రెండున్నర రెట్లు ఎక్కువ. దేశంలో ఆ వయసులో ఆపరేషన్‌ అయినవాళ్లలో సగం మందికి 35 ఏళ్లు నిండేలోపే అయిపోయింది. మూడింట రెండొంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే జరిగాయి. మన ఆడవాళ్లకే గర్భసంచి జబ్బులు రెండున్నర రెట్లు ఎక్కువ వస్తాయని ఏ వైద్య గ్రంథమూ చెప్పదు. తేడా మరెక్కడో ఉంది.

ఒక కారణం మన కళ్ల ముందే ఉంది. మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 70 మంది దాకా పిల్లల ఆపరేషన్‌ చేయించుకున్నవాళ్లే. దేశంలో ఇంతగా మరెక్కడా లేదు. అదీ పాతికేళ్లు దాటీ దాటకుండానే! ఇద్దరు పిల్లలు పుట్టగానే సంచి పని అయిపోయిందన్న లెక్క అక్కడే మనసులో పడిపోతుంది. ఆ తర్వాత కడుపులో నొప్పొచ్చినా, తెల్లబట్ట అయినా, నెలసరి కాస్త ఎక్కువైనా నేరం ఆ సంచి మీదికే వెళ్తుంది.

రెండో కారణం డబ్బు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఎన్నో గుండె ఆపరేషన్లు, క్యాన్సర్‌ వైద్యాలు పేదల గడపకు తెచ్చిన పథకం అది. కానీ దాని చాటున కొన్ని ప్రైవేటు ఆస్పత్రుల్లో గర్భసంచి ఆపరేషన్లు అవసరం లేకపోయినా చేసేస్తున్నారన్న విమర్శలు గట్టిగా వచ్చాయి. దాంతో ప్రభుత్వం పథకంలో ఈ ఆపరేషన్‌కు ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. ఇదే బాధ వేరే రాష్ట్రాల్లోనూ ఉంది. బిహార్‌, ఛత్తీస్‌గఢ్‌, రాజస్థాన్‌లలో జరిగినవాటి మీద డాక్టర్‌ నరేంద్ర గుప్తా సుప్రీంకోర్టుకు వెళ్లారు. అనవసర ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు తెచ్చింది. మూడు నెలల్లో వాటిని అమల్లోకి తేవాలని 2023 ఏప్రిల్‌ 5న కోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. జిల్లా స్థాయిలో కూడా ఈ ఆపరేషన్ల మీద ఒక కమిటీ కన్నేసి ఉంచాలన్నది అందులో ముఖ్యమైన మాట.

కోర్టులు, కమిటీలు వాటి పని అవి చేస్తాయి. స్కానింగ్‌ కాగితం చేతిలో పట్టుకుని ఆటోలో ఇంటికొస్తున్న మనిషికి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టాలంటే ముందు ఆ గడ్డ ఏమిటో తెలియాలి.

గడ్డ అంటే ఏ గడ్డ?

మన భాషలో ఈ ఒక్క మాటే సగం భయానికి మూలమేమో అనిపిస్తుంది. నెలసరిలో రక్తం ముద్దలుగా పడితే 'గడ్డలు పడుతున్నాయి' అంటాం. స్కానింగ్‌లో కనిపించిన కణితినీ 'గడ్డ' అనే అంటాం. రొమ్ములో క్యాన్సర్‌ వస్తే అదీ గడ్డే! ఈ మూడూ కలిసిపోయి, లోపలున్న గడ్డ ముక్కలై పడిపోతోందనీ, అది క్యాన్సరేననీ అనుకునేవాళ్లు ఎంతోమంది. నెలసరిలో పడేది పేరుకున్న రక్తం. ధార ఎక్కువైనప్పుడు అది గడ్డకడుతుంది, అంతే. అది కణితి ముక్క కాదు.

స్కానింగ్‌లో 'ఫైబ్రాయిడ్‌' అని రాసేది గర్భసంచి గోడలోని కండరమే ఒకచోట ముద్దగా పెరిగితే. చెట్టు మానుకు బొడిపె వేసినట్టు. 50 ఏళ్లు వచ్చేసరికి ఆడవాళ్లలో సగం మందికి పైగా ఇవి ఎంతో కొంత వస్తాయి. అమెరికాలో స్కానింగ్‌ చేసి చూసిన ఒక పరిశోధనలో ఈ లెక్క 70 శాతం పైనే తేలింది. వాళ్లలో చాలామందికి ఉన్నట్టే తెలియదు. వేరే ఏదో నొప్పికి స్కానింగ్‌ తీయిస్తే బయటపడతాయి. ఒంట్లో ఈస్ట్రోజన్‌, ప్రొజెస్టిరాన్‌ హార్మోన్లు ఉన్నంతకాలం వీటికి మేత దొరుకుతుంది. ముట్లుడిగాక ఆ మేత ఆగిపోయి, చాలావరకు వాటంతటవే కుంచించుకుపోతాయి. అమ్మకు ఉంటే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువ. చిన్న వయసులోనే రజస్వల అయినవాళ్లకు, ఒళ్లు బాగా ఉన్నవాళ్లకూ అంతే.

మరి క్యాన్సర్‌? ఫైబ్రాయిడ్‌ క్యాన్సర్‌ కాదు. రేపు క్యాన్సర్‌గా మారుతుందేమోనని ముందే తీయించుకోవడానికీ ఆధారం లేదు. ఫైబ్రాయిడ్‌ అనుకుని ఆపరేషన్‌ చేశాక సార్కోమా అనే క్యాన్సర్‌ బయటపడే సందర్భాలు ఉన్నాయి. కానీ అవి వందల మందిలో ఒకరికి. కొన్ని లెక్కల్లో అయితే వెయ్యిమందిలో ఒకరికి కూడా కాదు. ముట్లుడిగిన తర్వాత కూడా గడ్డ పెరుగుతోందంటే మాత్రం డాక్టర్లు జాగ్రత్తగా చూస్తారు. చూడాలి కూడా.

కాగితంలో ఏం రాశారు?

గూడెం అంటే ఉల్లిపాయల మార్కెట్టు కదా, ఆ కొలతల్లోనే చెప్పుకుందాం. రిపోర్టులో '32 x 28 ఎం.ఎం.' అని ఉంటే 'అమ్మో, ముప్పై రెండే!' అని గుండె జారిపోతుంది. అవి మిల్లీమీటర్లు. పదితో భాగిస్తే 3.2 సెంటీమీటర్లు. సాంబారులో వేసే చిన్న ఉల్లిపాయ కన్నా కాస్త పెద్దది. కూరకు తరిగే మామూలు ఉల్లిపాయంటే ఐదారు సెంటీమీటర్లు ఉంటుంది. చాలామందికి కనిపించే గడ్డలు ఈ రెండింటి మధ్యలోనే ఉంటాయి. కొందరికి కొబ్బరికాయంత పెరిగేవీ ఉంటాయి, అవి వేరే కథ. డాక్టరు చెయ్యి పెట్టి చూసి '12 వారాల సైజు' అన్నారంటే, మూడో నెల గర్భిణికి సంచి ఎంత ఉంటుందో అంత ఉందని అర్థం. గడ్డ వయసు 12 వారాలని కాదు!

'బల్కీ యుటెరస్‌' అని రాసి ఉంటుంది చూడండి, ఆ రెండు మాటలు చూసి ఆపరేషన్‌కు సిద్ధపడిపోయినవాళ్లు ఉన్నారు. సంచి మామూలు కన్నా కాస్త పెద్దగా కనిపించిందని మాత్రమే దానర్థం. రెండు మూడు కాన్పులైన మనిషికి అలా ఉండటం వింతేమీ కాదు. దానంతట అది జబ్బు కాదు. 'నాబోథియన్‌ సిస్ట్‌' అన్నదీ అంతే. గర్భసంచి ముఖద్వారం దగ్గర చిన్న నీటిబుడగ. దానికి మందూ అక్కర్లేదు, మాత్రా అక్కర్లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాటను చాలామంది అడగనే అడగరు. గడ్డ ఎంతుంది అని కాదు, ఎక్కడుంది అని! సంచి లోపలి గదిలోకి పొడుచుకొచ్చిన గడ్డ ఉసిరికాయంత ఉన్నా నెలనెలా రక్తం వరదలా పోయేట్టు చేస్తుంది. గోడ మధ్యలో ఉన్నది పెరిగేదాన్ని బట్టి ఇబ్బంది పెడుతుంది. సంచి బయటి వైపు వేలాడేది బత్తాయంత ఉన్నా నెలసరికి ఏ తేడా తేదు. మూత్రాశయాన్ని నొక్కితే గంటకోసారి వెళ్లాల్సి వస్తుంది, వెనక వైపు నొక్కితే మలబద్ధకం, నడుము లాగడం. కాబట్టి పక్కింటామెకు నాలుగు సెంటీమీటర్లకే ఆపరేషన్‌ చేశారు, నాకు ఆరు సెంటీమీటర్లున్నా మాత్రలిచ్చి పంపారేమిటి అని డాక్టరును అనుమానించాల్సిన పని లేదు. ఇద్దరికీ గడ్డలున్న చోట్లు వేరు.

అసలు శత్రువు రక్తహీనత

రాష్ట్రంలో ఆ వయసు ఆడవాళ్లలో నూటికి 59 మందికి రక్తం తక్కువని అదే సర్వే చెప్పింది. ఆ ఒంట్లోంచి నెలకు వారం, పది రోజులు రక్తం పోతే ఏం మిగులుతుంది? గంటకో ప్యాడ్‌ తడిసిపోవడం, రాత్రి రెండుసార్లు లేవాల్సి రావడం, రూపాయి బిళ్ల కన్నా పెద్ద ముద్దలు పడటం, ఎనిమిదో రోజుకీ ఆగకపోవడం... ఇవి 'నా ఒళ్లు తీరే అంత' అని సరిపెట్టుకునేవి కావు. మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, బియ్యం, బలపాలు, సుద్ద తినాలనిపించడం కూడా రక్తహీనతవే.

ఆకివీడు, కైకలూరు, భీమవరం చుట్టూ చేపల ప్యాకింగులోనో, రొయ్యల షెడ్లలోనో పనిచేసే ఆడవాళ్లను తలుచుకోండి. గంటల తరబడి తడిలో, ఐసు పక్కన నిలబడే పని. మరుగుదొడ్డికి వెళ్లాలంటే మేస్త్రీని అడగాలి. నెలకు వారం ఈ బాధ పడలేక, కూలి పోగొట్టుకోలేక 'ఒక్కసారి తీసేస్తే నిశ్చింత' అనుకునే తల్లిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆమె మూర్ఖత్వంతో ఆ మాట అనడం లేదు, లెక్క వేసుకునే అంటోంది. కానీ ఆ లెక్కలో రెండు అంకెలు ఆమెకు ఎవరూ చెప్పరు. ఆపరేషన్‌ తర్వాత ఆరు వారాలు బరువులెత్తకూడదన్నది ఒకటి. ముందుగా ప్రయత్నించగలిగిన మందులున్నాయన్నది రెండోది.

హిమోగ్లోబిన్‌ పరీక్ష పెద్ద ఖర్చు కాదు. పీహెచ్‌సీలోనూ చేస్తారు. 12 కన్నా తగ్గితే రక్తహీనత. 8 కన్నా తగ్గిందంటే తీవ్రమైన సంగతే. ఐరన్‌ మాత్రలు వేసుకునేటప్పుడు టీ, కాఫీ వెంటనే తాగకండి, మాత్ర ఒంటికి పట్టదు. విరోచనం నల్లగా అయితే కంగారుపడి మానేయకండి. మాత్రలు పడనివారికి సెలైన్‌లా ఎక్కించే ఐరన్‌ కూడా ఉంది. రేపు ఆపరేషనే చేయించుకోవాల్సి వచ్చినా ముందు రక్తం పెంచుకుని వెళ్లడం ప్రాణానికి మంచిది.

సంచి ఉండగానే వైద్యం

బాధలేమీ లేని గడ్డకు వైద్యమే అక్కర్లేదు. ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి చూపించుకుంటే చాలు. ఈ మాట నమ్మడం మనవాళ్లకు చాలా కష్టం. ఏమీ రాయకుండా పంపిన డాక్టరును 'ఆయనకేం తెలీదు' అనేస్తాం!

రక్తస్రావమే బాధ అయితే, నెలసరి వచ్చిన రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్‌ ఆమ్లం మాత్రలు ఉన్నాయి. కాళ్లలోనో, ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే అవి పడవు, డాక్టరుకు ముందే చెప్పాలి. మెఫెనమిక్‌ ఆమ్లం నొప్పినీ తగ్గిస్తుంది, రక్తాన్నీ కొంత తగ్గిస్తుంది. హార్మోన్‌ మాత్రలు మరో దారి. ఇక గర్భసంచిలో అమర్చే హార్మోన్‌ లూపు, మిరెనా అని చాలామంది వినే ఉంటారు. చూడ్డానికి కాపర్‌-టీలాగే ఉంటుంది కానీ పని వేరు. లోపల కొద్దికొద్దిగా హార్మోన్‌ వదులుతూ ఐదేళ్ల దాకా రక్తస్రావాన్ని బాగా తగ్గిస్తుంది. కొందరికి నెలసరే ఆగిపోతుంది. ఆగిన రక్తం లోపల పేరుకుంటుందేమోనన్న భయం వద్దు, అసలు పొరే పలచబడిపోతుంది. అయితే మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా కనిపిస్తూనే ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పకపోవడం వల్ల నెల తిరక్కుండా తీయించేసుకున్నవాళ్లు ఎందరో. గడ్డ వల్ల సంచి లోపలి గది ఆకారమే మారిపోయి ఉంటే ఇది కుదరదు.

గడ్డను చిన్నది చేసే ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి. వాటిని ఆపగానే మళ్లీ పెరుగుతుంది, ఎక్కువకాలం వాడితే ఎముకలు బోలుబారుతాయి. అందుకే ఎక్కువగా ఆపరేషన్‌కు ముందు కొద్ది నెలలు మాత్రమే ఇస్తారు. 'గడ్డ కరిగించే' ఆకుపసర్ల సంగతి అడుగుతారు చాలామంది. పసరుతో ఫైబ్రాయిడ్‌ కరుగుతుందనడానికి నిరూపణ ఏదీ లేదు. అది తాగుతూ కూర్చున్న ఆరు నెలల్లో హిమోగ్లోబిన్‌ ఎంతకు పడిందో చూసేవాళ్లుండరు.

గడ్డ మాత్రమే తీసి సంచిని ఉంచే ఆపరేషన్‌ను మయోమెక్టమీ అంటారు. దీని వెనక ఒక ఇంటి కథ ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లండన్‌లో విక్టర్‌ బానీ అని పేరున్న సర్జన్‌ ఉండేవాడు. ఆయన భార్యకే ఫైబ్రాయిడ్‌ కారణంగా గర్భసంచి తీసేశారు. ఆ దంపతులకు పిల్లలు లేకుండా పోయారు. తర్వాత ఆయన గడ్డను మాత్రమే ఒలిచి తీసే పద్ధతిని పట్టుదలగా మెరుగుపరిచాడు. రక్తం ఎక్కువ పోకుండా పట్టి ఉంచే పరికరం తయారుచేశాడు. వందల మందికి సంచి నిలబెట్టాడు. పిల్లలు కావాలనుకునేవారికి ఈనాటికీ మొదటి దారి ఇదే. లోపలి గదిలోకి వచ్చిన గడ్డనైతే కడుపు కోయకుండా, కింది నుంచే సన్నని గొట్టంలాంటి పరికరం పంపి తీసేస్తారు. మళ్లీ కొత్త గడ్డలు రావచ్చన్నది మాత్రం నిజం.

గడ్డకు రక్తం అందించే నాళాన్ని మూసేసి దాన్ని ఎండిపోయేట్టు చేసే వైద్యం ఒకటి 1990ల్లో ఫ్రాన్స్‌లో మొదలైంది. తొడ దగ్గరో, మణికట్టు దగ్గరో చిన్న రంధ్రం చేసి చేస్తారు. పెద్ద నగరాల్లోనే దొరుకుతుంది. ఇంకా పిల్లలు కావాలనుకునేవారికి సాధారణంగా సూచించరు.

కొత్తగా పెళ్లయినవాళ్లకు ఒక్క మాట. గడ్డ ఉన్నా చాలామందికి గర్భం వస్తుంది, కాన్పూ సవ్యంగానే అవుతుంది. కడుపుతో ఉన్నప్పుడు గడ్డ దగ్గర ఉన్నట్టుండి బాగా నొప్పి రావచ్చు. ఆస్పత్రికి వెళ్తే విశ్రాంతితో, మందులతో ఎక్కువగా తగ్గిపోతుంది. పెళ్లిచూపుల్లో ఈ సంగతి దాచిపెట్టి, తర్వాత బయటపడి పుట్టింటికి పంపేసిన ఇళ్లూ ఉన్నాయి మన దగ్గర. ఆ అత్తగారి కడుపులోనూ ఓ గడ్డ ఉండే ఉంటుంది, స్కానింగ్‌ తీయించుకోలేదంతే!

తీయాల్సి వస్తే...

గర్భసంచి తీయడం ఎప్పుడూ తప్పేనని కాదు. మందులన్నీ వాడినా రక్తం ఆగనప్పుడు, గడ్డ కొబ్బరికాయంత పెరిగి మూత్రనాళాలను నొక్కేస్తున్నప్పుడు, పరీక్షల్లో క్యాన్సర్‌ తేలినప్పుడు అది ప్రాణం నిలిపే ఆపరేషన్‌. 45 ఏళ్లు దాటి, పదేళ్లు నరకం పడి, అన్నీ తెలుసుకుని 'తీసేయండి' అన్న మనిషికి ఆ హక్కు ఉంది. తీసేశాక 'ఎంత హాయిగా ఉందో' అని చెప్పినవాళ్లూ ఉన్నారు. పేచీ అంతా ముప్పై రెండేళ్ల పిల్లకు, ఒక్క స్కానింగ్‌ చూసి, వచ్చిన రోజే మంచమెక్కించడంతోనే.

అడగాల్సినవి అడగండి. గడ్డ ఎక్కడుంది? ఇంకేం మందులు వాడి చూడొచ్చు? ఆరు నెలలు ఆగితే ఏమవుతుంది? 40 దాటినవారికైతే, రక్తస్రావం గడ్డ వల్లేనా లేక లోపలి పొరలో తేడా ఉందా అని ఆ పొర ముక్క తీసి పరీక్షకు పంపారా? ముట్లుడిగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా ఈ పరీక్ష తప్పనిసరి. 'గడ్డ ఉందిగా, అందుకే' అని సరిపెట్టుకోకూడదు.

ఇంకో ప్రశ్న ఉంది. దీన్ని అడిగేవాళ్లు చాలా తక్కువ. "అండాశయాలు ఉంచుతారా, తీస్తారా?" గర్భసంచి వేరు, అండాశయాలు వేరు. 'ఎలాగూ కోస్తున్నాం కదా' అని వాటినీ తీసేస్తే 35 ఏళ్లకే ఒక్కసారిగా ముట్లుడిగినట్టవుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేకపోవడం, కీళ్ల నొప్పులు, ఎముకలు పెళుసుబారడం, గుండెజబ్బు ముప్పు పెరగడం అన్నీ ముందుకు జరుగుతాయి. వాటిని ఉంచినా, సంచి తీశాక కొందరిలో అవి రెండు మూడేళ్లు ముందుగానే అలిసిపోతాయి. కాబట్టి తీయడానికి గట్టి కారణం లేనప్పుడు ఉంచమని అడగడం మీ హక్కు. ఇప్పటికే ఆపరేషన్‌ అయిపోయినవాళ్లు డిశ్చార్జి కాగితం ఓసారి బయటకు తీసి, అండాశయాలు ఉన్నాయో తీశారో చూపించుకోండి. తీసేసి ఉంటే, వయసు యాభై లోపే అయితే, కాల్షియం, ఎముకల పరీక్ష, హార్మోన్‌ మందుల గురించి డాక్టరుతో మాట్లాడాలి.

రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం మొదటి డాక్టరును అవమానించడం కాదు. గూడెంలో ఏరియా ఆస్పత్రి ఉంది. ఏలూరు పెద్దాసుపత్రికి 2023 నుంచి మెడికల్‌ కాలేజీ హోదా కూడా వచ్చింది. పొద్దున రైలెక్కితే గంటలోపే దిగుతారు. స్కానింగ్‌ రిపోర్టుతో పాటు ఫిల్ము కూడా, రక్తపరీక్ష కాగితం, వాడుతున్న మాత్రల అట్టలు తీసుకెళ్లండి. గత మూడు నెలల్లో నెలసరి ఏ తేదీన వచ్చింది, ఎన్ని రోజులుంది, రోజుకు ఎన్ని ప్యాడ్లు అన్నది క్యాలెండర్‌ మీదే రాసిపెట్టుకోండి. డాక్టరు ముందు కూర్చోగానే అవన్నీ మర్చిపోతాం. పక్కన మీ ఆయన కూర్చుంటే ఆయన చేతికే ఆ కాగితం ఇచ్చి చదవమనండి.